1962 షాస్టా ఎయిర్‌ఫ్లైట్‌కి ఏసీ: పైకప్పు మీదా, పక్క గోడలోనా?

పాతబండి_పిచ్చి (ఇర్వింగ్, టెక్సాస్)

అందరికీ నమస్కారం. కిందటి చలికాలంలో 1962 షాస్టా ఎయిర్‌ఫ్లైట్ ట్రైలర్ కొన్నాను, కారు వెనక తగిలించి లాగే చిన్న ఇల్లు లాంటిది. పదహారడుగుల బండి, వెనక రెండు పక్కలా రెక్కలు ఉంటాయే, అదే. ఓక్లహోమాలో ఒకాయన షెడ్డులో ఏళ్ల తరబడి ఎండావానా తగలకుండా ఉంది కాబట్టి చెక్క చాలావరకు గట్టిగానే ఉంది. ముందు మూల కాస్త పుచ్చితే మార్చేశాను. లోపలి బర్చ్ ప్లైవుడ్ అంతా ఒరిజినలే. మా ఆవిడ కర్టెన్లు కూడా కుట్టేసింది.

వచ్చిన చిక్కల్లా ఎండతోనే. ఇక్కడ జులై, ఆగస్టుల్లో 100 ఫారన్‌హీట్ దాటడం మామూలే. ఇంక్స్ లేక్ స్టేట్ పార్కుకి తీసుకెళ్తే రాత్రి పదింటికి కూడా లోపలి గోడలు వేడిగానే ఉన్నాయి. పిల్లలు కారులో ఏసీ వేసుకుని పడుకుంటామని గొడవ. ఇలాగైతే వచ్చే వేసవికి ఈ బండి ఇంటి ముందు బొమ్మలా మిగిలిపోతుంది.

నేను అనుకుంటున్నవి ఇవీ. పైకప్పు మధ్యలో 14 అంగుళాల చదరపు వెంట్ ఎలాగూ ఉంది కదా, దాంట్లో 13,500 బీటీయూ (గంటకి ఎంత వేడి లాగుతుందన్న లెక్క) రూఫ్‌టాప్, అంటే కప్పు మీద ఉండే ఏసీ, కూర్చోబెట్టడం. లేదా బీరువా కింద పాత గ్యాస్ హీటర్ ఉండే అరలో కిటికీ ఏసీ పెట్టడం. ఆ హీటర్ ఎప్పుడో తీసేశారు, బయట చిన్న తలుపు మాత్రం మిగిలింది. కిటికీలన్నీ జలౌసీ అద్దాలు (అడ్డంగా తిరిగే అద్దపు పలకలు), వాటిలో ఏసీ కూర్చోదు. స్ప్లిట్ పెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కరెంటు విషయానికొస్తే వైరింగ్ ఒరిజినల్. రెండు గాజు ఫ్యూజులు, రెండు పిన్నుల సాకెట్లు. ఇంటి నుంచి ఎక్స్‌టెన్షన్ కార్డు లాగి లైట్లు, ఫ్రిజ్ నడుపుతున్నాం. పెద్ద ఇబ్బంది లేదు. తడి గడ్డి మీద చెప్పుల్లేకుండా నిలబడి తలుపు పట్టుకుంటే కాస్త జివ్వుమంటుంది, అంతే.

---

వెండిగుడ్డు (కొలంబస్, ఒహాయో)

బండి అదిరింది. రెక్కలు ఒరిజినల్ అయితే జాగ్రత్తగా చూసుకోండి. 2015లో షాస్టా వాళ్లు 1961 మోడల్‌ని మళ్లీ 1,941 బళ్లు తయారుచేసి అమ్మారు. కంపెనీ పుట్టిన సంవత్సరం 1941 కదా, ఆ లెక్క. చాలామంది వాటినే చూసి పాతవనుకుంటారు.

నాది ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్, డెబ్భైల నాటిది. దాని మీద రూఫ్‌టాప్ ఉంది, హాయిగా ఉన్నాం. కానీ మీ బండికీ నా బండికీ పోలిక లేదు. నాది అల్యూమినియం పక్కటెముకల మీద రేకు బిగించిన గుండ్రటి గూడు. ఏసీ బరువుని ఆ గూడు మొత్తం పంచుకుంటుంది. మీ పైకప్పులో ఉండేవి సన్నటి చెక్క బద్దలు. రూఫ్‌టాప్ యూనిట్ బరువు 70 నుంచి 100 పౌండ్లు. రోడ్డు మీద గుంతలో పడ్డప్పుడు ఆ బద్దల మీద పడే దెబ్బ అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. మధ్యలో కాస్త కుంగిందంటే వాననీళ్లు యూనిట్ చుట్టూ నిలుస్తాయి. ఆ తర్వాత ఏమవుతుందో పాతబళ్ల వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

పెట్టాలనే ఉంటే వెంట్‌కి రెండు పక్కలా గట్టి అడ్డకర్రలు వేసి, బరువు నేరుగా పక్కగోడల మీదికి దిగేలా చెయ్యాలి. అంటే లోపలి సీలింగ్ ప్లైవుడ్ విప్పాలి. ఆ ఒరిజినల్ బర్చ్ విప్పితే మళ్లీ పగలకుండా ఎక్కుతుందన్న గ్యారంటీ లేదు.

ఇంకో సంగతి. ఏసీ నుంచి కారే నీళ్లు. మామూలు ఆర్‌వీల్లో (ఇల్లు లాంటి ప్రయాణపు బళ్లలో) అవి పైకప్పు మీదే పడి పక్కనుంచి జారిపోతాయి. అల్యూమినియం మీద అలా జారితే నిలువు చారలు పడతాయి. అందుకే ఎయిర్‌స్ట్రీముల్లో ఏసీ కింద ప్యాన్ పెట్టి గొట్టంతో కిందికి దింపుతారు.

---

ఎడారిఎండ (ఫీనిక్స్, అరిజోనా)

ఏసీ ఎందుకండీ, పైన వెంట్‌లో మంచి ఎగ్జాస్ట్ ఫ్యాను, పక్కన చిన్న కూలర్. నా పద్నాలుగడుగుల బండిలో అదే నడుస్తోంది. ఫ్యాను, కూలర్ రెండూ 12 వోల్టుల బ్యాటరీ మీద రాత్రంతా ఆడతాయి.

---

అన్నపూర్ణ_ఆస్టిన్ (ఆస్టిన్, టెక్సాస్)

ఎడారిఎండ గారూ, మీ ఊళ్లో గాలి పొడి కాబట్టి మీకు చెల్లింది. హైదరాబాద్‌లో ఏప్రిల్‌లో కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, అదే కూలర్ విశాఖ తీసుకెళ్తే చెమటలు పట్టిస్తుంది. పాతబండి గారుండే డాలస్ వైపు ఎండాకాలం రెండింటికీ మధ్యలో ఉంటుంది. గల్ఫ్ నుంచి గాలి తోలిన రోజు మాత్రం విశాఖే. తడి గాలిని ఇంకా తడిపితే పరుపులు, ప్లైవుడ్ కూడా పాడవుతాయి.

---

మల్టీమీటర్ (అట్లాంటా, జార్జియా)

ఏసీ సంగతి పక్కన పెట్టండి. పాతబండి గారూ, మీ పోస్టులో చివరి వాక్యం ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

తడి గడ్డి మీద నిలబడి తలుపు పట్టుకుంటే జివ్వుమంటోందంటే, బండి రేకులోకి కరెంటు వస్తోందని అర్థం. ఇవాళ జివ్వుమంటోంది. రేపు వాన పడ్డాక మీ పిల్లవాడు తడి చేత్తో పట్టుకుంటే ఏమవుతుందో నేను రాయను. దయచేసి ఈ పోస్టు చదవగానే వెళ్లి ప్లగ్ పీకెయ్యండి.

ఎందుకిలా అవుతుందో చెప్తాను. ఇంట్లో మిక్సీకో గ్రైండర్‌కో ఎర్త్ పోతే ఆ ఒక్క వస్తువే షాక్ కొడుతుంది. ట్రైలర్ అలా కాదు. రబ్బరు టైర్ల మీద నిలబడ్డ పెద్ద లోహపు డబ్బా. లోపల ఎక్కడ వైరు రేకుకి తగిలినా డబ్బా మొత్తం కరెంటెక్కుతుంది. ఎర్త్ వైరు ఉంటే ఆ కరెంటు దాని గుండా వెనక్కిపోయి బ్రేకర్ పడిపోతుంది. మీ రెండు పిన్నుల వైరింగ్‌లో ఆ దారే లేదు. అది పోవాల్సిన దారి కోసం కాచుక్కూర్చుంటుంది. తలుపు పట్టుకున్న మనిషే ఆ దారి.

చూసే పద్ధతి: హార్డ్‌వేర్ షాపులో పెన్నులా ఉండే నాన్ కాంటాక్ట్ టెస్టర్ దొరుకుతుంది. బూట్లేసుకుని, పొడి నేల మీద నిలబడి, మళ్లీ ప్లగ్ పెట్టించి ఆ పెన్ను రేకు దగ్గరికి తీసుకెళ్లండి. రేకుని తాకక్కర్లేదు. అది కూసిందంటే ఉన్నట్టే. తర్వాత మీటర్‌తో ఒక తీగ ఇంటి సాకెట్ ఎర్త్‌కి, ఇంకోటి ట్రైలర్ రేకుకి పెట్టి ఏసీ వోల్టులు (ఇక్కడ ఏసీ అంటే ఆల్టర్నేటింగ్ కరెంటు) చూడండి. సున్నాకి దగ్గరగా ఉండాలి. రెండు పిన్నుల ప్లగ్ తిప్పి పెట్టి మళ్లీ చూడండి. ఇదంతా చేసే అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ఇందులో మొహమాటం వద్దు.

---

ఊరికే_వచ్చా (హైదరాబాద్)

నేను ఏదో వెతుకుతూ ఇటొచ్చా. ఒక సందేహం. ఇంత తలనొప్పెందుకు, ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీ పెట్టేస్తే పోలా? మా బెడ్‌రూమ్‌లో అదే.

---

బెజవాడ_ఏసీ (విజయవాడ)

తమ్ముడూ, నేను ఈ పనే చేసి బతుకుతున్నా కాబట్టి చెప్తా. ఒక టన్ను అంటే 12,000 బీటీయూ. ఒకటిన్నర అంటే 18,000. వాళ్ల బండి మొత్తం మన దగ్గర వంటింటి అంత ఉంటుంది. అంత చిన్న చోట పెద్ద మిషన్ పెడితే ఐదు నిమిషాల్లో చల్లబడి ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. గాలిలో తేమ తియ్యాలంటే కాయిల్ చల్లగా అయ్యాక కాసేపు ఆగకుండా నడవాలి. పెద్దదానికి ఆ టైము దొరకదు. అప్పుడు గది చల్లగా ఉంటుంది కానీ జిగటగా ఉంటుంది, దుప్పటి తడిగా తగులుతుంది. మా దగ్గర సముద్రం వైపు ఊళ్లలో ఈ కంప్లైంట్ రోజూ వింటా. ఏసీ మార్చమంటారు, మార్చాల్సింది సైజు.

స్ప్లిట్ గురించి అడిగారు కదా. చెయ్యొచ్చు. ఇన్వర్టర్ రకమైతే స్టార్టింగ్‌లో కరెంటు గుంజదు, శబ్దం తక్కువ. కానీ రాగి పైపులు బిగించే ఫ్లేర్ జాయింట్లు ఇల్లు కదలదు అనే ధైర్యంతో చేసినవి. రోజంతా హైవే మీద ఊగితే నట్టు వదులై గ్యాస్ పోతుంది. పైపుని ఒక చుట్టు చుట్టి వదిలి, ప్రతి అడుగుకీ క్లాంపు వేస్తే కొంత ఆగుతుంది. అవుట్‌డోర్ యూనిట్ ఎక్కడ పెడతారు? చాలామంది ముందు ట్రైలర్ నాలుక (కారుకి తగిలించే ముందు కడ్డీ) మీద పెడతారని వీడియోల్లో చూశా.

---

వెండిగుడ్డు

బెజవాడ గారు భలే చెప్పారు. నాలుక మీద పెడితే గ్యాస్ సిలిండర్లకి చోటు పోతుంది, ముందు బరువు పెరుగుతుంది. బండి బరువులో 10 నుంచి 15 శాతం దాకా నాలుక మీద ఉండాలన్నది లెక్క. పదహారడుగుల తేలిక బండిలో ఆ హద్దు దాటడం చాలా సులువు. వెనక బంపర్‌కి వేలాడదీస్తే ఇంకా ప్రమాదం. నాలుక తేలికైపోయి హైవే మీద బండి తోకాడిస్తుంది.

అమెరికాలో ఏసీ గ్యాస్ ముట్టుకోవాలంటే ఈపీఏ (పర్యావరణ సంస్థ) ఇచ్చే 608 సర్టిఫికెట్ కావాలి. ముందే గ్యాస్ నింపి వచ్చే పైపుల కిట్లకి అక్కర్లేదు. 2025 జనవరి 1 తర్వాత కొత్త సిస్టమ్స్‌లో ఆర్-410ఏ గ్యాస్ నుంచి ఆర్-32, ఆర్-454బి వైపు మారాల్సి వచ్చింది. పాత స్టాకు చవగ్గా దొరుకుతోందని కొనేముందు రేపు రిపేరుకి గ్యాస్ ధర ఎంతుంటుందో ఆలోచించండి.

---

పాతబండి_పిచ్చి

మల్టీమీటర్ గారూ, మీకు రెండు చేతులా దండం. ప్లగ్ పీకేశాను. మా ఆఫీసులో ఒక ఎలక్ట్రికల్ ఇంజనీర్ ఉంటే శనివారం తీసుకొచ్చాను. రేకుకీ ఎర్త్‌కీ మధ్య 112 వోల్టులు. ప్లగ్ తిప్పి పెడితే 3. ఆయన నా మొహం చూసి, మీ పిల్లలు ఎక్కడున్నారని అడిగాడు.

వెతగ్గా వెతగ్గా తలుపు పక్కన ఉండే వరండా లైటు వెనక దొరికింది. లైటు విప్పితే రేకులో కోసిన రంధ్రం అంచు బ్లేడులా ఉంది. గుడ్డ చుట్టిన పాత వైరు దాని మీద అరవై ఏళ్లు రాసుకుని రాసుకుని, గోరంత మేర రాగి బయటపడింది. దాని మీద నల్లటి మసి, తుప్పు, ఎండిన పుట్టీ. రాగి నేరుగా రేకుని తాకకుండా ఆ చెత్తే అడ్డం ఉంది. అందుకే జివ్వుమనడంతో ఆగిందట. వాన పడి అది నానితే పరిస్థితి వేరేగా ఉండేదన్నాడు.

ఇప్పుడు మొత్తం వైరింగ్ మార్చాలనే నిర్ణయానికి వచ్చాం. ఏసీని కూడా లెక్కలో పెట్టుకుని ఎలా వెయ్యాలో చెప్పండి.

---

మల్టీమీటర్

హమ్మయ్య. ఇక తీరిగ్గా మాట్లాడుకుందాం.

బండికి 30 యాంప్స్ ఇన్‌లెట్ పెట్టండి. క్యాంపుల్లో ఉండే మూడు పిన్నుల టీటీ-30 ప్లగ్. అది 120 వోల్టులే, 240 కాదు. ఇది ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, ఇంటి దగ్గర ఆ సాకెట్ పెట్టమని అడిగితే 30 యాంప్స్ అనగానే బట్టలారబెట్టే డ్రయ్యర్ సాకెట్ అనుకుని 240 ఇచ్చేసే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. మా వీధిలో ఒకాయన ట్రైలర్‌లో మైక్రోవేవ్, చార్జర్ ఒక్క క్షణంలో పోయాయి. సాకెట్ పెట్టాక, బండి తగిలించకముందు మీటర్‌తో చూడండి.

ఇన్‌లెట్ నుంచి లోపలి బ్రేకర్ డబ్బా దాకా 10 గేజ్ వైరు. అక్కడినుంచి ఏసీకి విడిగా ఒక 20 యాంప్స్ బ్రేకర్, 12 గేజ్ వైరు. ఏసీ లైను మీద ఇంకేమీ పెట్టొద్దు. మిగతా సాకెట్లకి ఇంకో బ్రేకర్, మొదటి సాకెట్ జీఎఫ్‌సీఐ రకం (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది).

ఇప్పుడు అసలైనది. ఇళ్లకి వైరింగ్ చేసే చెయ్యి తిరిగిన ఎలక్ట్రీషియన్లు కూడా ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఇంట్లో మెయిన్ ప్యానెల్‌లో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపేస్తారు, అక్కడ అది రైటే. ట్రైలర్ డబ్బాలో మాత్రం అవి కలవకూడదు. ఆ కలపడం కరెంటు వచ్చేచోట, అంటే క్యాంపు స్తంభం వైపు ఒక్కసారే జరగాలి. ట్రైలర్‌లో కూడా కలిపారనుకోండి, న్యూట్రల్‌లో తిరిగి వెళ్లే కరెంటులో కొంత బండి చాసిస్ గుండా వెళ్తుంది. ఎక్కడైనా క్యాంపులో సాకెట్ వైర్లు తారుమారుగా ఉండి, ఎర్త్ కూడా తెగి ఉంటే రేకు మొత్తం 120 వోల్టులు. కొత్త బ్రేకర్ డబ్బా కొన్నప్పుడు న్యూట్రల్ బార్‌ని డబ్బాకి కలిపే ఆకుపచ్చ స్క్రూ ఒకటి వస్తుంది. దాన్ని బిగించకండి, పారెయ్యండి. ఎర్త్ బార్ మాత్రం డబ్బాకి, చాసిస్‌కి, బయటి రేకుకి మూడింటికీ గట్టిగా కలవాలి. చాసిస్ మీద పెయింటు గీకి, నక్షత్రపు వాషర్ వేసి బిగించండి.

నల్లది ఫేజు, తెల్లది న్యూట్రల్, ఆకుపచ్చ లేదా ఉత్త రాగి ఎర్త్. మన దేశం రంగుల అలవాటు మీద పోకండి, అక్కడ నలుపు న్యూట్రల్.

క్యాంపుల్లో ఎండాకాలం సాయంత్రాలు అందరూ ఏసీలు వేస్తే వోల్టేజీ పడిపోతుంది. 104 కిందికి పోతే కరెంటు ఆపేసే రక్షణ డబ్బాలు దొరుకుతాయి, ఒకటి కొనండి. కంప్రెసర్ కంటే చవక.

---

అన్నపూర్ణ_ఆస్టిన్

వైరింగ్ తేలింది కాబట్టి ఇప్పుడు ఏసీ. నాది 1958 నాటి బండి, మీ దానికంటే రెండడుగులు చిన్నది. నేను రూఫ్ మీద పెట్టలేదు. మీకున్న ఆ హీటర్ అర చూస్తే నాకు అసూయగా ఉంది, నేను ఆ రంధ్రం కొత్తగా కోయాల్సొచ్చింది.

కిటికీ ఏసీని బీరువాలో బిగించేవాళ్లలో చాలామంది ముందు చల్లగా వస్తోందని మురిసిపోతారు, ఎండెక్కాక ఆగిపోతుంది. కారణం, కిటికీ ఏసీకి పక్కల్లో ఉండే చీలికలు. వాటిలోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుని, వెనకనుంచి వేడిగా వదులుతుంది. ఆ చీలికలు బీరువా లోపల ఉండిపోతే తను వదిలిన వేడినే తను పీల్చుకుంటుంది. కాసేపటికి కంప్రెసర్ ఓవర్‌లోడ్ మీద ఆగిపోతుంది. వెనక గ్రిల్ పెట్టాం కదా అని చాలామంది అనుకుంటారు, అది చాలదు.

నేను చేసినది: అరలో పెద్ద బరువులు మోసే డ్రాయర్ ఛానళ్లు వేసి ఏసీని వాటిమీద కూర్చోబెట్టాను. క్యాంపుకి చేరాక బయటి తలుపు తీసి ఏసీని బయటికి లాగుతాను, చీలికలు పూర్తిగా గోడ బయటికి వచ్చేస్తాయి. ముఖం మాత్రం లోపల. చుట్టూ ఫోమ్ పట్టీ. బయల్దేరేటప్పుడు లోపలికి తోసి తలుపు గడియ వేస్తే ఏసీ ఉన్నట్టు ఎవరికీ తెలీదు. ప్రయాణంలో జారకుండా ఒక పిన్ను తప్పనిసరి. ఛానల్‌కి ఉండే బొడిపె మీద నమ్మకం పెట్టుకోవద్దు.

నీళ్లు పోవడానికి కింద రంధ్రం వెయ్యబోకండి. కిటికీ ఏసీల్లో చాలావాటికి వెనక ఫ్యాను అంచున ఒక రింగు ఉంటుంది, అది అడుగున చేరిన నీళ్లని వేడి కాయిల్ మీదికి చిమ్ముతుంది. దానివల్ల కాయిల్ చల్లబడి ఏసీ బాగా పనిచేస్తుంది. వెనక్కి కొద్దిగా వాలు ఉంటే చాలు. మీరు బండి లెవెల్ చేసేటప్పుడు అటు వాలు ఉండేలా చూసుకోండి, లేకపోతే నీళ్లు పరుపు మీదికొస్తాయి.

సైజు? నాకు 5,000 బీటీయూ సరిపోతోంది, చెట్టు నీడ దొరికితే. సుమారు 450 వాట్లు. మీకు పిల్లలు కూడా ఉన్నారు, డాలస్ ఎండ, అడుగులు ఎక్కువ. 8,000 తీసుకోండి. యూ ఆకారంలో వచ్చే ఇన్వర్టర్ ఏసీల జోలికి వెళ్లకండి, వాటి మధ్యలో పైకి కిందికి జరిగే కిటికీ అద్దం దిగాలి, మీ అరలో కుదరదు. పైగా 2025 జూన్‌లో మిడియా (Midea) అనే ఏసీ కంపెనీ ఆ రకం సుమారు 17 లక్షల యూనిట్లని వెనక్కి పిలిచింది. లోపల నీళ్లు నిలిచి బూజు పడుతోందని.

---

వెండిగుడ్డు

ఒప్పుకుంటాను, ఒక్క మాటతో. ఏసీ కిందనుంటే చల్లగాలి నేల మీదే ఉండిపోతుంది. పైమంచంలో పడుకున్నవాడు ఉక్కతో చస్తాడు.

---

అన్నపూర్ణ_ఆస్టిన్

దానికి చిన్న టేబుల్ ఫ్యాను నేల మీద పెట్టి పైకి తిప్పితే సరి. మీ రూఫ్‌టాప్ శబ్దానికి నేను ఒకసారి స్నేహితుల బండిలో రాత్రంతా కళ్లు తెరుచుకునే ఉన్నాను, దానికి ఏం ఫ్యాను పెట్టాలో చెప్పండి. 🙂

---

వెండిగుడ్డు

దానికి ఇయర్ ప్లగ్స్. గెలుపు మీదే.

---

పాతబండి_పిచ్చి

అక్కా, డ్రాయర్ ఛానళ్ల ఐడియా సూపర్. హీటర్ అర కొలిచాను, 20 అంగుళాల వెడల్పు, 15 ఎత్తు ఉంది. 8,000 యూనిట్ దూరుతుంది. పైన వెంట్ అలాగే ఉంచేసి అందులో ఫ్యాను పెడతాను. మా ఆవిడకి మరీ ఆనందం, సీలింగ్ ముట్టుకోవద్దని మొదటినుంచీ తన గొడవ.

కరెంటు లేని చోట? బిగ్ బెండ్ నేషనల్ పార్కు వైపు వెళ్లాలని ఉంది. జనరేటర్ మీద నడుస్తుందా, బ్యాటరీ మీద నడుస్తుందా?

---

ఎడారిఎండ

బ్యాటరీ లెక్క నేను చెప్తా, కూలర్ వాడినని తీసిపారేయకండి. 12 వోల్టుల 100 యాంప్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఉండేది 1,280 వాట్ అవర్లు. ఇన్వర్టర్‌లో కొంత పోతుంది. అన్నపూర్ణ గారి 5,000 యూనిట్ 450 వాట్లు అనుకుంటే రెండున్నర గంటలు. మీ 8,000 దానికంటే ఎక్కువ తాగుతుంది, రెండు గంటలు కూడా రావడం కష్టం. రూఫ్‌టాప్ 13,500 అయితే 1,500 వాట్లు, గంట లోపే సఫా. కప్పు మీద 400 వాట్ల సోలార్ పెట్టినా ఎండ ఉన్నంతసేపు ఏసీకి చాలదు, రాత్రికి మిగలదు. సోలార్‌తో ఏసీ నడుపుతున్నాం అనే వీడియోల్లో బ్యాటరీలు ఎన్నున్నాయో కెమెరా ఎప్పుడూ చూపించదు.

---

మల్టీమీటర్

2,200 వాట్ల చిన్న ఇన్వర్టర్ జనరేటర్లు ఆగకుండా ఇచ్చేది 1,800 వాట్లే. మీ కిటికీ ఏసీకి అది ధారాళంగా సరిపోతుంది. రూఫ్‌టాప్ అయితే స్టార్టింగ్‌లో ఒక్కసారిగా గుంజే కరెంటుకి జనరేటర్ చేతులెత్తేస్తుంది, ఆ గుంజుడు తగ్గించే సాఫ్ట్ స్టార్ట్ పరికరం పెట్టాల్సొచ్చేది. కొండ ప్రాంతాల్లో ఎత్తు ప్రతి 1,000 అడుగులకీ ఇంజను శక్తి 3 శాతం పైన తగ్గుతుంది. బిగ్ బెండ్‌లో చిసోస్ బేసిన్ 5,000 అడుగుల పైనే, అది లెక్కేసుకోండి. అక్కడ జనరేటర్ వేసే వేళలకీ చోట్లకీ నియమాలుంటాయి, పార్కు వాళ్లని అడిగి వెళ్లండి. చిన్న జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్ తేలుతూ, అంటే ఎర్త్‌తో కలవకుండా ఉంటుంది కాబట్టి రక్షణ డబ్బా ఎర్త్ లేదని మొరాయిస్తుంది. న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపిన ప్లగ్ ఒకటి జనరేటర్ రెండో సాకెట్‌లో పెడితే ఊరుకుంటుంది. క్యాంపు కరెంటుకి ఆ ప్లగ్ వాడొద్దు.

ఇంకోటి. జనరేటర్ పొగ గొట్టం వైపు మీ ఏసీ గాలి పీల్చే పక్క ఉండకూడదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం బండిలో ఉండాల్సిందే.

---

బెజవాడ_ఏసీ

ఏసీ పెట్టేముందు వేడి లోపలికి రాకుండా చూడండి సార్. గోడ మందం ఎంత? ఇంచున్నర ఉంటే అదృష్టం. రేకు విప్పిన చోటల్లా ఫోమ్ షీటు కూరండి. కప్పుకి తెల్ల రంగు. కిటికీలకి వెండి రేకు బబుల్ షీటు కోసి పెట్టండి. మధ్యాహ్నం ఎండ పడే వైపు పందిరి ఉండాలి. పొద్దున్నే ఏసీ వెయ్యండి. గోడలు ఎండకి కాగిపోయాక నాలుగింటికి వేస్తే ఏ మిషనూ అందుకోలేదు. ఇవన్నీ చెప్తే కస్టమర్లకి నచ్చదు, పెద్ద మిషనే కావాలంటారు.

---

పాతబండి_పిచ్చి

అప్‌డేట్. వైరింగ్ మొత్తం మార్చాం. రేకుకీ ఎర్త్‌కీ మధ్య ఇప్పుడు సున్నా. ఆకుపచ్చ స్క్రూ మా ఇంజనీర్ స్నేహితుడు బిగించబోతే ఈ థ్రెడ్ చూపించాను. చదివి, మాట్లాడకుండా స్క్రూ నా చేతిలో పెట్టాడు.

ఏసీ 8,000 బీటీయూ, అక్క చెప్పినట్టే ఛానళ్ల మీద. పాత హీటర్ తలుపు ఒరిజినల్‌దే వాడాం, బయటినుంచి చూస్తే 1962లో ఎలా ఉందో అలాగే ఉంది. వరండా లైటు రంధ్రానికి వైరు కోసుకోకుండా రబ్బరు గ్రోమెట్ (అంచు కప్పే ఉంగరం) వేశాం.

కిందటి వారం టెక్సోమా సరస్సు దగ్గర పరీక్ష. మధ్యాహ్నం బయట 101, లోపల 80. పొద్దున తొమ్మిదింటికే వేసి, పడమటి వైపు పందిరి దించి, కిటికీలకి బబుల్ షీట్లు పెట్టాం. షీట్లు తీసి చూస్తే గంటలో 86కి పాకింది, కాబట్టి సగం పని వాటిదే. రాత్రికి 72 చేస్తే మా చిన్నది దుప్పటి అడిగింది. ఏసీ మొత్తం 700 వాట్ల లోపే లాగుతోంది, ఫ్రిజ్, లైట్లతో కలిపినా బ్రేకర్ మాట్లాడలేదు. పైమంచం సంగతి వెండిగుడ్డు గారు అన్నట్టే, నేల ఫ్యాను లేకపోతే పైన ఉక్కే.

ఒక్క చిక్కు మిగిలింది. ఏసీ బయటికి లాగి ఉన్నప్పుడు వాన పడితే పై అంచు దగ్గర నీటి చుక్కలు లోపలికి వస్తున్నాయి. ఫోమ్ పట్టీ తడిసిపోతోంది. సిలికాన్ కొట్టెయ్యనా?

---

వెండిగుడ్డు

సిలికాన్ మాత్రం వద్దు! అల్యూమినియం మీద ఒకసారి కొడితే తర్వాత దాని మీద ఏదీ అంటుకోదు, గీకి తియ్యడానికి మీ ప్రాణం పోతుంది. అంగుళం వెడల్పు అల్యూమినియం ఎల్ పట్టీ తీసుకుని, తలుపు చట్రానికి పైన, రెండు పక్కలా ఓ అంగుళం ఎక్కువ ఉండేలా కోసి, వెనక బ్యూటైల్ టేపు (నీళ్లు చొరబడని జిగురు పట్టీ) పెట్టి స్టెయిన్‌లెస్ స్క్రూలతో బిగించండి. నీళ్లు దాని మీదనుంచి పక్కలకి జారిపోతాయి. పాతబళ్ల తలుపుల మీద ఉండే చూరు పట్టీ లాంటిదే, అందం కూడా చెడదు.

---

అన్నపూర్ణ_ఆస్టిన్

నేను పెట్టినదీ అదే. ఫోమ్ మార్చి, తలుపులకి వాడే బల్బు ఆకారం రబ్బరు సీలు వెయ్యండి, నీళ్లు తాగదు. స్క్రూలు రేకులోకే కాకుండా వెనక చెక్కలోకి దిగేలా చూసుకోండి, లేదంటే రెండు ప్రయాణాలకే వదులైపోతాయి.